అరవైలో కీబోర్డు: వేళ్ళకంటే ముందు కళ్ళద్దాలు

అరవై దగ్గరపడ్డాక పాటలు వాయించే కీబోర్డు మొదలుపెట్టినవాళ్ళలో చాలామంది కొన్ని నెలలకే దానిమీద గుడ్డ కప్పేస్తారు. అడిగితే "ఈ వయసులో బుర్రకెక్కడం లేదండీ" అంటారు. పక్కన కూర్చుని చూస్తే బుర్ర తప్పేమీ కనబడదు. ముందున్న స్వరాల కాగితం కనబడక మెడ వెనక్కి వంచుతుంటారు. భుజాలు చెవులదాకా లేచి ఉంటాయి. పాట తప్పిన ప్రతిసారీ మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంటారు. పదేళ్ళ పిల్లలు కూడా ఇలాగే చేస్తారు గానీ నెట్టుకొచ్చేస్తారు. వాళ్ళ కన్ను ఏ దూరానికైనా సర్దుకుంటుంది, కీళ్ళు సాగుతాయి, ఒకే పాటని ఇరవైసార్లు మొదటినుంచి వాయించే ఓపికా ఉంటుంది. పెద్దవాళ్ళకి ఆ వెసులుబాటు లేదు. అందుకని ఈ మూడింటినీ ముందే సరిచేసుకుని కూర్చోవాలి.

కళ్ళద్దాలతో మొదలుపెడదాం. చత్వారం వచ్చాక వాడే అద్దాలు పుస్తకం చదివే దూరానికి, అంటే సుమారు 40 సెంటీమీటర్లకి సరిపోయేలా ఇస్తారు. కీబోర్డు మీద నిలబెట్టిన నోటేషన్, అంటే ఆ స్వరాల కాగితం, కంటికి 60 నుంచి 70 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. చదివే అద్దాలతో అది మసకగా కనిపిస్తుంది, అప్పుడు మనిషి తెలియకుండానే ముందుకి వంగుతాడు. దూరం, దగ్గర రెండూ ఒకే అద్దంలో ఉండే ప్రోగ్రెసివ్ అద్దాలైతే ఇంకో చిక్కు. దగ్గరి చూపు భాగం అద్దం అడుగున ఉంటుంది కాబట్టి కాగితం చూడాలంటే గడ్డం పైకెత్తాలి. ఇరవై నిమిషాలు అలా కూర్చుంటే మెడ పట్టేస్తుంది, ఆ నొప్పి వయసు ఖాతాలో పడిపోతుంది.

లెక్క చాలా సులువు. ఒకటిని మీటర్లలో దూరంతో భాగిస్తే పవర్ వస్తుంది. 0.40 మీటర్లకి 2.50, 0.65 మీటర్లకి సుమారు 1.50. అంటే దూరపు చూపు బాగుండి, చదవడానికి ప్లస్ 2.50 వాడేవారికి నోటేషన్ కోసం ప్లస్ 1.50 చుట్టుపక్కల సరిపోతుంది. దూరానికి వేరే పవర్ ఉంటే దానికి ఇది కలుస్తుంది. మైనస్ 1.50 ఉన్నవాళ్ళది అదృష్టం, అద్దాలు తీసి పక్కన పెడితే చాలు. టేపుతో ముక్కు దూలం నుంచి కాగితం మధ్యదాకా కొలిచి, ఆ అంకె కంటి పరీక్ష చేసేవారికి చెప్పి, ఆ ఒక్క దూరానికే అద్దాలు రాయించుకోండి. కంప్యూటర్ తెరకీ దాదాపు అవే పనికొస్తాయి.

కాగితాన్ని ఎ4 నుంచి ఎ3కి పెంచి కాపీ తీసుకుంటే అక్షరం 141 శాతం అవుతుంది. ట్యాబ్లెట్ వాడేవాళ్ళు దాన్ని అడ్డంగా తిప్పి సగం పేజీ మాత్రమే చూసుకుంటే మేలు. దీపం కాగితం మీద పడాలి, కళ్ళలో పడకూడదు. ఇరవై ఏళ్ళ కంటికి చాలిన వెలుతురు అరవైలో చాలదు, గదిలో ఉన్న ఒక్క బల్బుని నమ్ముకోవద్దు. ఇంగ్లండులో మేరీ డెలానీ అనే ఆవిడ 72వ ఏట రంగు కాగితాలు కత్తిరించి పూలమొక్కల బొమ్మలు అతకడం మొదలుపెట్టి, పదేళ్ళలో వెయ్యికి కాస్త తక్కువగా చేసింది. అవిప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. 1782లో ఆ పని ఆపడానికి కారణం చూపు మందగించడం. ఆ రోజుల్లో దానికి చేయగలిగింది పెద్దగా లేదు. మనకి ఉంది.

ఇక ఎత్తు. పియానో తెల్ల మెట్ల పైభాగం నేలనుంచి 70 నుంచి 73 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. కొత్తగా కొన్న కీబోర్డుని చాలామంది భోజనాల బల్లమీద పెట్టేస్తారు. బల్ల ఎత్తు 75, దానిమీద కీబోర్డు మందం ఓ 10, మొత్తం 85. మామూలు కుర్చీలో కూర్చుంటే మోచేయి మెట్లకంటే కిందికి ఉంటుంది, మణికట్టు పైకి వంగుతుంది, భుజం లేస్తుంది. ఎత్తు మార్చుకునే స్టాండు తీసుకోండి. గుణకారపు గుర్తు ఆకారంలో ఉండే మడత స్టాండు చవకే గానీ, కిందికి దించిన కొద్దీ కాళ్ళు వెడల్పై మోకాళ్ళకి తగులుతుంది, గట్టిగా వాయిస్తే ఊగుతుంది. నాలుగు కాళ్ళ బల్లలాంటిది నయం. స్టాండు కుదరకపోతే కుర్చీ ఎత్తు పెంచి, పాదాల కింద పీట వేసుకోండి. పాదాలు గాల్లో వేలాడితే నడుం పట్టు తప్పుతుంది.

చేతులున్న కుర్చీ వద్దు. సీటు ముందు సగం మీదే కూర్చోవాలి. చేయి చాపి పిడికిలి బిగిస్తే మెటికలు మెట్ల వెనక ఉన్న నిలువు పలకకి తాకాలి. అదే సరైన దూరం. మోచేయి మెట్ల మట్టానికి సమానంగానో, ఒకటి రెండు సెంటీమీటర్లు పైనో ఉంటే ముంజేయి బరువు దానంతటదే వేళ్ళలోకి దిగుతుంది.

కీబోర్డు ఎంపిక మీద జనం అవసరానికి మించి తల బద్దలుకొట్టుకుంటారు. 61 మెట్లుంటే ఐదు ఆక్టేవులు (ఒక స్వరం నుంచి అదే పేరున్న తర్వాతి స్వరందాకా ఒక ఆక్టేవు), మొదటి ఏడాదికి ధారాళంగా సరిపోతాయి. పియానోకి ఉండే 88 కావాలంటే తర్వాత చూసుకోవచ్చు. రాజీపడకూడనిది ఒక్కటే: మెట్టుని మెల్లగా నొక్కితే మెల్లగా, గట్టిగా నొక్కితే గట్టిగా పలకాలి. ఆ గుణం లేనిది బొమ్మ కిందే లెక్క. బరువైన మెట్లు పియానోకి దగ్గరగా ఉంటాయన్నది నిజమే. కానీ బొటనవేలి మొదట్లో నొప్పి ఉన్నవాళ్ళు మొదట్లోనే వాటి జోలికి వెళ్ళొద్దు, తేలిక మెట్లతో ఆరు నెలలు గడిపి చూడండి. ఇంకొక సంగతి. ఈ వాయిద్యాల్లో ఒక్క వేలు పెడితే వాద్యబృందమంతా మోగే సదుపాయం ఉంటుంది. మొదటి రోజు భలే సరదాగా ఉంటుంది. మీ తాళం ఎక్కడ తప్పిందో మీకే వినబడకుండా చేసేది అదే. దాన్ని ఆపేసి, డ్రమ్ముల లయ ఒక్కటే ఉంచుకుంటే, టిక్కుటిక్కుమని తాళం కొట్టే మెట్రోనోమ్ కంటే విసుగు తక్కువ.

వేళ్ళకి అంకెలుంటాయి. రెండు చేతులకీ బొటనవేలు 1, చిటికెనవేలు 5. తెల్ల మెట్లకి సి, డి, ఇ, ఎఫ్, జి, ఎ, బి అని పేర్లు. పుస్తకాలన్నీ కీబోర్డు నడుమ ఉండే సి, అంటే మధ్య సి మీద బొటనవేలు పెట్టి ఐదు తెల్ల మెట్లమీద వేళ్ళు పరచమంటాయి. చదవడానికి అది సులువు, చేతికి మాత్రం కాదు. నడిమి వేలు పొడుగు, బొటనవేలు పొట్టి. అన్నీ ఒకే వరసలో నిలబడాలంటే పొడుగు వేళ్ళు ముడుచుకోవాలి. పియానో స్వరకర్త షోపెన్ తన శిష్యులకి బి మేజర్ స్కేలు (మెట్టుమెట్టుగా ఎక్కే స్వరాల వరస) ముందు నేర్పింది ఇందుకే. కుడిచేతి వేళ్ళని వరసగా ఇ, ఎఫ్ షార్ప్, జి షార్ప్, ఎ షార్ప్, బి మీద ఉంచి చూడండి. మూడు పొడుగు వేళ్ళూ నల్ల మెట్లమీద, రెండు పొట్టి వేళ్ళూ తెల్ల మెట్లమీద, చేయి దిండుమీద వాలినట్టు వాలుతుంది. గట్టిపడిన కీళ్ళున్నవాళ్ళకి ఇది గొప్ప ఊరట. నోటేషన్ లేకుండా, మొదటి వారం అంతా ఈ ఐదు మెట్లమీదే పైకీ కిందికీ నడవొచ్చు.

స్కేలుకి వచ్చేసరికి సి మేజర్‌లో కుడిచేయి 1 2 3 1 2 3 4 5, ఎడమచేయి అదే దిక్కులో 5 4 3 2 1 3 2 1. రెండు చేతులూ కలిపితే ఇక్కడే తల ప్రాణం తోకకి వస్తుంది, ఎందుకంటే వేళ్ళు మారే చోట్లు కలవవు. కుడిచేయి మూడో స్వరం తర్వాత మారుతుంది, ఎడమచేయి ఐదో స్వరం తర్వాత. దీనికి విరుగుడు రెండు చేతుల్నీ ఎదురు దిక్కుల్లో నడిపించడం. రెండు బొటనవేళ్ళనీ మధ్య సి మీద పెట్టి, కుడిది కుడికీ ఎడమది ఎడమకీ వెళ్తే రెండు చేతుల్లోనూ ఒకే వేలు ఒకేసారి పడుతుంది. రెండు మూడు వారాలు ఇలా చేశాక ఒకే దిక్కుకి రండి.

బొటనవేలు అరచేతి కిందనుంచి దూరేటప్పుడు మోచేయి రెక్కలా బయటికి ఎగరడం అందరూ చేసే తప్పు. బొటనవేలు ఆలస్యంగా బయల్దేరడం వల్ల అలా జరుగుతుంది. రెండో వేలు మెట్టు నొక్కగానే బొటనవేలు కదలడం మొదలుపెట్టాలి. ఇ మీద మూడో వేలిని నొక్కి ఉంచి, బొటనవేలితో కిందనుంచి ఎఫ్ తాకి మళ్ళీ సి దగ్గరికి రావడం, మణికట్టు తిప్పకుండా పదిసార్లు చేస్తే చాలు. అంతకుమించి ఒకే విడతలో చేయొద్దు, బొటనవేలి మొదటి కీలు మీద పడే భారం తక్కువేమీ కాదు.

ఉంగరపు వేలు లేవడం లేదని బాధపడకండి. దాన్ని పైకెత్తే స్నాయువు (కండరాన్ని ఎముకకి కలిపే తాడు) పక్క వేళ్ళ స్నాయువులతో అడ్డపట్టీల ద్వారా కలిసి ఉంటుంది, ఎవరికీ అది స్వతంత్రంగా లేవదు. దానికి బలం తేవాలని వేళ్ళని బలవంతంగా వెనక్కి వంచే కసరత్తులు ప్రమాదకరం. కుడిచేయి పాడై పియానో వాయిద్యకారుడు కావాలన్న ఆశ వదులుకున్న జర్మన్ స్వరకర్త షూమన్ విషయంలో, వేలికోసం వాడిన పరికరమే కారణమని చాలాకాలంగా చెప్పుకుంటారు. ఆ వేలు పడేటప్పుడు చేతిని కొద్దిగా ఆవైపు ఒరగనిస్తే సరి.

ఎడమచేతికి నాలుగు కార్డ్స్ (కలిపి ఒకేసారి పలికించే మూడేసి స్వరాల జట్లు) చాలు, బోలెడు పాటలు నడిచిపోతాయి. కానీ వాటిని పుస్తకంలో ఉన్నట్టు మూలస్థానంలో, అంటే కార్డు పేరున్న స్వరం అడుగున ఉండేలా పట్టుకుంటే చేయి అటూ ఇటూ గెంతాలి, ప్రతి గెంతుకీ కళ్ళు కాగితం వదలాలి. బదులుగా దగ్గర రూపాల్లో పట్టుకోండి. సి కార్డుకి సి-ఇ-జి, వేళ్ళు 5-3-1. ఎఫ్ కార్డుకి సి-ఎఫ్-ఎ, వేళ్ళు 5-2-1. జి కార్డుకి బి-డి-జి, వేళ్ళు 5-3-1. ఎ మైనరుకి సి-ఇ-ఎ, 5-3-1. చూడండి, సి మీదున్న చిటికెనవేలు మూడింటిలో కదలనే కదలదు. జి కోసం ఒక్క మెట్టు కిందికి జారుతుంది, అంతే.

సాధన ఎలా చేయాలన్నది అసలు విషయం. ఒకే బిగువున గంటకంటే, పొద్దున ఇరవై నిమిషాలు, సాయంత్రం ఇరవై నిమిషాలు మేలు. విడదీసి చేసిన సాధన ఎక్కువకాలం నిలుస్తుందన్నది 1885లో జర్మన్ మనస్తత్వవేత్త ఎబింగ్‌హౌస్ జ్ఞాపకశక్తి మీద రాసిన పుస్తకం నాటినుంచీ తెలిసిన మాటే. దానితోపాటు వేళ్ళకి విశ్రాంతి దొరుకుతుంది.

ఆ ఇరవై నిమిషాల్లో ఒకే పనిని పట్టుకుని దున్నడం కూడా లాభం లేదు. 1979లో షే, మోర్గన్ అనే ఇద్దరు పరిశోధకులు మూడు రకాల చేతి కదలికల్ని కొందరికి వరసగా, కొందరికి కలగాపులగంగా నేర్పారు. నేర్చుకునేటప్పుడు వరసగా చేసినవాళ్ళే బాగా చేశారు. పది రోజుల తర్వాత పరీక్షిస్తే కలగాపులగంగా చేసినవాళ్ళు ముందున్నారు. కీబోర్డు దగ్గర దీన్ని ఇలా వాడుకోవచ్చు: కొత్త పాటలో రెండు బార్లు (నోటేషన్‌లో నిలువు గీతల మధ్య ఉండే గళ్ళు) మూడు నిమిషాలు, ఒక స్కేలు రెండు నిమిషాలు, పాత పాటలో తడబడే చోటు మూడు నిమిషాలు, మళ్ళీ మొదటి రెండు బార్లు. ఇలా చేసినరోజు ఏమీ రానట్టే అనిపిస్తుంది. పెద్దవాళ్ళు బెంబేలెత్తిపోయేది ఇక్కడే, ఎందుకంటే తమ వృత్తిలో ఇన్నేళ్ళు చేయి తిరిగినవాళ్ళకి ఈ తడబాటు అవమానంలా ఉంటుంది. ఈరోజు ఎంత వచ్చిందో చూసుకోకండి. వారానికోసారి, ఒకే పూట, అదే పాటని రెండు నిమిషాలు ఫోనులో రికార్డు చేసి, నాలుగు వారాల కిందటి దానితో పోల్చుకోండి.

వేగం సంగతి. మెట్రోనోమ్ నిమిషానికి 60 దగ్గర పెట్టి, దెబ్బకో స్వరం. అదీ తప్పుతుంటే 50, సిగ్గుపడక్కర్లేదు. మూడుసార్లు వరసగా తప్పు లేకుండా వస్తేనే 4 పెంచండి. రెండుసార్లు వచ్చి మూడోసారి తప్పితే లెక్క మళ్ళీ మొదటికి. ఒక అంకె దగ్గర ఆగిపోతే 10 తగ్గించి రండి. వేగంగా తప్పు వాయిస్తే వేళ్ళు తప్పునే నేర్చుకుంటాయి, దాన్ని తర్వాత చెరపడం కొత్తది నేర్చుకోవడం కంటే కష్టం.

మొదటినుంచి ఎత్తుకునే అలవాటు మానాలంటే చివరినుంచి నేర్చుకోండి. పదహారు బార్ల పాటలో ముందు 16వ బారు, తర్వాత 15-16, తర్వాత 14 నుంచి. ఎప్పుడూ తెలియని చోటునుంచి తెలిసిన చోటికి నడుస్తారు కాబట్టి ముందుకెళ్ళేకొద్దీ గుండె నిబ్బరంగా ఉంటుంది. పాట మొత్తం వచ్చాక నాలుగు మజిలీలు గుర్తుపెట్టుకోండి, 1, 5, 9, 13 బార్లు అనుకుందాం. కళ్ళు మూసుకుని ఏ మజిలీనుంచైనా ఎత్తుకోగలగాలి. అలా లేకపోతే నలుగురి ముందు ఒక్క వేలు జారినా పాటంతా కూలిపోతుంది, ఎందుకంటే అప్పటిదాకా వాయించింది వేళ్ళే, తలకి దారి తెలియదు.

నోటేషన్ చదవడంలో ఒక దొడ్డిదారి చాలామందిని ముంచుతుంది. ప్రతి స్వరం కింద పెన్సిలుతో అక్షరం రాసుకోవడం. కన్ను అక్షరమే చదువుతుంది, గీతల్ని చూడదు, ఏడాది తర్వాత కూడా అక్షరాలు లేకపోతే కాలు సాగదు. మూడు గుర్తులు మాత్రం కంఠతా పట్టండి. పై ఐదు గీతల మొదట్లో ఉండే జి క్లెఫ్ అనే గుర్తు చుట్టుకునేది కిందనుంచి రెండో గీతని, అది మధ్య సికి పైనున్న జి. కింది గీతల ఎఫ్ క్లెఫ్ రెండు చుక్కల మధ్య ఉన్న గీత, మధ్య సికి కిందనున్న ఎఫ్. ఈ రెంటికీ నడుమ మధ్య సి. మిగతావన్నీ వీటినుంచి దూరంగా లెక్కించుకోవాలి. గీతనుంచి పక్క ఖాళీకైతే పక్క మెట్టు, గీతనుంచి పక్క గీతకైతే ఒక మెట్టు వదిలి. రోజూ ఐదు నిమిషాలు మునుపెన్నడూ చూడని తేలిక వరసలు చదవండి, ఆగకుండా, తప్పినా వెనక్కి వెళ్ళకుండా.

నొప్పి విషయంలో బింకం పనికిరాదు. పొద్దున్నే కీళ్ళు బిగుసుకుపోయేవాళ్ళు వాయించేముందు ఐదు నిమిషాలు గోరువెచ్చని నీళ్ళలో చేతులు ఉంచుకోండి. సాధన అయిన మర్నాటికీ నొప్పి మిగిలితే సమయం సగానికి తగ్గించండి. ఆక్టేవు వెడల్పు సుమారు 16.5 సెంటీమీటర్లు, చిన్న చేతులకి 1-5 వేళ్ళు అంత చాచడం శిక్షే. కింది స్వరం వదిలేయండి, లేదా రెండూ ఒకదాని తర్వాత ఒకటి పలికించండి, పాటకి వచ్చే లోటేమీ ఉండదు. బొటనవేలు, చూపుడు, నడిమి వేళ్ళలో తిమ్మిరి, ముఖ్యంగా రాత్రిపూట నిద్రలేపే తిమ్మిరి మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోతోందనడానికి గుర్తు కావచ్చు. వేలు మడిచాక టక్కుమని ఇరుక్కుని తెరుచుకుంటుంటే అది వేరే జబ్బు. రెంటికీ సాధన ఆపి డాక్టరుకి చూపించాలి.

వినికిడి యంత్రం వాడేవాళ్ళకి కీబోర్డు స్వరాలు వణికినట్టు, శ్రుతి జారినట్టు వినబడొచ్చు. యంత్రం మాటలకోసం సర్ది ఉంటుంది. కూత రాకుండా ఆపే ఏర్పాటు పొడుగ్గా సాగే స్వరాన్ని కూడా కూతే అనుకుంటుంది. సంగీతానికి విడిగా ఒక ప్రోగ్రామ్ పెట్టించమని అడగండి, చాలా యంత్రాల్లో ఆ వీలు ఉంటుంది. వాయిద్యాన్ని అనుమానించి మార్చేసేముందు ఈ పని చేయండి.

ప్రయాణమో జ్వరమో వచ్చి పది పదిహేను రోజులు ఆగిపోతే, తిరిగి కూర్చున్నరోజు ఆగినచోటునుంచి మొదలుపెట్టకండి. చివరిసారి 80లో వాయించిన పాటని 56లో ఎత్తుకోండి. మొదటి పూట పది నిమిషాలే, అదీ వచ్చిన పాటలే. రెండోరోజు 64, మూడోరోజు 72. నాలుగోరోజు పాత వేగం వస్తుంది, రాకపోతే 72 దగ్గరే ఇంకో రోజు. కొత్త బార్లు ఆ తర్వాతే తెరవండి.